మెట్లదారి ఎవరిది?
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం విన్నాము. వేపపూవు చేదు ఇంకా నాలుకమీదనే ఉన్నది. ఇటువంటి శుభసమయంలో నిప్పు, పొగ, కూలిన కప్పు అంటూ మాట్లాడడమేమిటని కొందరు అనుకోవచ్చును. అయితే సిద్ధాంతులు చదివే ఫలితాలలో అగ్నిభయం అనే మాట ఏటా ఎక్కడో ఒకచోట రాకమానదు. మనము దానిని వింటాము, మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని మాత్రం గుర్తుపెట్టుకొని లేచిపోతాము. ఈ యేడు ఆ ఒక్క మాట దగ్గర కొంచెం ఆగుదామని మా మనవి. మేడలలో కాపురముండే మనకు ఒకరిపట్ల ఒకరికి గల బాధ్యత ఏమిటన్నదే ఈనాటి విషయం.

ముందు మన సంగతి కొంచెం చెప్పుకోవలెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు అటు పోయినది, మనము ఇటు మిగిలినాము. కనుక మనలో గుడియాత్తంవారిని వలస వచ్చినవారనడమా, సరిహద్దే వారిని దాటిపోయినదనడమా అన్నది తేల్చడం కష్టం. నెల్లూరుపేట అని ఆ ఊరిలోనే ఒక పేట ఉన్నది. ఆ పేరు మన చెవికి పరాయిగా తోచదు. ఆ ఊరి నడుమ పారే కౌండిన్య నది సైతం మన పలమనేరు వైపునుంచి వచ్చేదే. ఇక ఆసుపత్రి కొలువులకు, కాలేజీ కొలువులకు, వ్యాపారానికి, పిల్లల చదువులకు చిత్తూరునుంచి, తిరుపతినుంచి, నెల్లూరునుంచి రాయవేలూరికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేరు. ఏ దారిన వచ్చినా, గడిచిన ఇరవై ముప్పై యేండ్లలో మనలో చాలమంది నేలమీదినుంచి మేడమీదికి మారినారు. ఊరు మారినప్పుడు ఏమి మారినదో మనకు బాగా తెలుసు. నేలనుంచి మేడకు ఎక్కినప్పుడు ఏమి మారినదో అంతగా ఆలోచించలేదు.

గుడియాత్తంలో మగ్గమున్న ఇల్లు ఎలా ఉండేది? ముందు తిన్నె, నడుమ మగ్గం, వెనుక పెరడు. బయటపడడానికి రెండు దారులు. ఎవరింట పొగ లేచినా వీధి అంతటికీ కనబడేది. నూలు ఉన్న ఇళ్లు గనుక అందరికీ భయమే. పిలవకుండానే బిందెలు పట్టుకొని పరుగెత్తుకు వచ్చేవారు. ఆ వీధికి సంఘం లేదు, కార్యదర్శి లేడు, నోటీసు బోర్డు లేదు. అయినా బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పుట్టలేదు.

ఇప్పుడు మూడవ అంతస్తులో తలుపు వేసుకొంటే క్రింది ఇంటిలో ఏమి జరుగుతున్నదో తెలియదు. బయటికి దారి ఒక్కటే, అది మెట్లదారి. ఆ మెట్లు ఇరవై కుటుంబాలవి. ఇరవై కుటుంబాలవి గనుకనే ఎవరివీ కావు. ఇంటిలోపల గచ్చు అద్దంవలె తుడుచుకొనే ఇల్లాలే పాత మంచం మెట్లమలుపులో పెట్టిస్తుంది. లోపల చోటు లేదు, పాపం ఆమె మాత్రం ఏమి చేయును? ఎదుటింటివారు చెప్పుల బీరువా పెట్టినారు, పైవారు విరిగిన సైకిలు, ఇంకొకరు ఖాళీ సిలిండరు. మెట్ల మొదట మీటరు బోర్డు, దానికి ఆనుకొని పెట్రోలు నిండిన మోటారు సైకిళ్ల బారు. మన భవనాలలో ఎన్నింటికి ఈ వర్ణన సరిపోదో మీరే చెప్పండి.

ఇంతెత్తు మేడలను సర్కారు చూసుకోదా అని అడగవచ్చును. చూసుకొంటుంది, కాని ఒక గీత దాటినవాటిని. తమిళనాడులో 2019లో వచ్చిన అభివృద్ధి, భవన నియమాల ప్రకారం 18.30 మీటర్లకు మించిన కట్టడమే ఎత్తైన భవనం. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి 15 మీటర్లనుంచే ఆ లెక్క మొదలుపెట్టినది. అగ్నిరక్షణకు సంబంధించిన కట్టుదిట్టమైన నిబంధనలలో ఎక్కువ భాగం ఆ గీతకు పైవాటికే. సత్తువాచారిలోగాని, కాట్పాడి గాంధీనగరులోగాని, బాగాయంలోగాని మనవారు ఉండే మేడలలో అధికభాగం క్రింద వాహనాలు, పైన మూడు నాలుగు అంతస్తులు ఉన్నవే. చట్టం దృష్టిలో అవి ఎత్తైనవి కావు. నాలుగవ అంతస్తు కిటికీలో పొగమధ్య నిలబడినవానికి ఈ కొలతబద్ద ఏమి ఓదార్పు? గీతకు క్రింద ఉన్నామంటే అపాయం తక్కువని అర్థం కాదు; అడిగేవారు తక్కువని అర్థం. కనుక ఆ అడిగే పని మన మీదనే పడినది.

గుడియాత్తం అగ్గిపెట్టెలకు పేరుపడిన ఊరు. అగ్గిపుల్లల సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఒక్క మాట గుర్తుచేస్తాము. పుల్ల తలమీద ఉండే మందు వేరు, పెట్టె పక్కన పూసిన మందు వేరు. పక్కన ఎర్ర భాస్వరం, తలమీద పొటాషియం క్లోరేటు. రెండూ కలిసి ఒకేచోట ఉంటే చిన్న రాపిడికే మండును. వేరువేరుగా ఉంచినందువలననే దానికి క్షేమపు అగ్గిపెట్టె అని పేరు. మన మేడలలో చేయవలసినదీ సరిగా అదే: మండేదానిని, మనుషులు నడిచే దారిని వేరుచేయడం. ఇంతకంటె పెద్ద శాస్త్రం ఇందులో లేదు. మన దురదృష్టం, కట్టినవారూ కాపురమున్నవారూ కలిసి ఆ రెండింటినీ మెట్లక్రిందనే చేర్చినారు.

అలా చేరినప్పుడు ఏమగునో చూడడానికి దూరం పోనక్కరలేదు. 2022 మార్చి నెలలో మన వేలూరులోనే, ఛార్జింగులో పెట్టిన విద్యుత్తు స్కూటరు రాత్రివేళ అంటుకొని, పొగ ఇల్లంతా కమ్మి, ఒక తండ్రి, పదమూడేండ్ల కుమార్తె ఊపిరాడక మరణించినారు. అదే యేడు సెప్టెంబరు 12న సికిందరాబాదులో రూబీ లాడ్జి ఘటన జరిగినది. క్రింద విద్యుత్తు స్కూటర్ల అంగడి, పైన బసగదులు. క్రింద పుట్టిన పొగ మెట్లవెంట పైకి పాకి 8 మంది ప్రాణాలు తీసినది. ఈ వార్త చదివినప్పుడు మాకు బాబురావు వీధి జ్ఞాపకం వచ్చినది. ఆసుపత్రికి వచ్చే రోగులు, వారి బంధువులు, మన తెలుగువారే ఎందరో, ఆ చుట్టుపట్ల బసలలో రోజులు, వారాలు గడుపుతారు. ఊరు తెలియదు, భాష తెలియదు, కొందరికి నడిచే ఓపికా లేదు.

2023 నవంబరు 13న, దీపావళి మరునాడు, హైదరాబాదు నాంపల్లిలోని బజార్‌ఘాటులో ఒక నివాస భవనం అంటుకొన్నది. నేల అంతస్తులో రసాయనాల పీపాలు నిలువచేసినారు. పైన కుటుంబాలు కాపురమున్నవి. 9 మంది పోయినారు. 2025 మే 18న చార్మినారు దగ్గర గుల్జార్ హౌజులో 17 మంది మరణించినారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. అది మేడ అనడానికి కూడ లేదు, అంగళ్లపైన రెండంతస్తుల ఇల్లు. కాని లోపలికీ బయటికీ ఉన్నది ఒక్కటే ఇరుకు దారి. ఎత్తు కాదు, దారి ముఖ్యమన్న సంగతికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

వీటిలో ముఖ్యంగా గమనించవలసినది, చంపినది మంట కంటె పొగ. పొగ పైకి పోవును. మూడు నాలుగు అంతస్తుల మెట్లదారి నిలువుగా నిలిపిన పొగగొట్టమే. క్రింద అంటుకొన్నది చిన్న మంటే అయినా, పైవారు తలుపు తీసేసరికి ఎదురుగా నల్లని గోడ ఉండును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడు మరి లేవడు. పాత మేడలలో మెట్లకు ఒకవైపు గోడ లేక గాలి ఆడుతూ ఉండేది. వాన జల్లు పడుతున్నదనీ, అందంగా ఉండుననీ ఇప్పుడు దానికి అద్దాలు బిగిస్తున్నారు. ఆ అందం మాకు నచ్చదు. జల్లు పడితే తుడుచుకోవచ్చును.

విద్యుత్తు స్కూటర్లు వద్దనడం లేదు. 2022 చివరినుంచి వాటి బ్యాటరీలకు ప్రభుత్వం నిబంధనలు కఠినం చేసినది కూడ. కాని ఛార్జింగు మెట్లక్రింద పెట్టరాదు, ఇంటి వాకిలికి అడ్డంగా పెట్టరాదు, అందరూ నిద్రపోయే వేళ పెట్టరాదు. బండితో ఇచ్చిన ఛార్జరునే వాడవలెను. నాలుగవ అంతస్తునుంచి తీగ వేలాడదీసి ఛార్జి చేసే విద్య ఒకటి బయలుదేరినది; అది చూసినప్పుడు గుండె దడదడలాడును. ఆవరణలో గాలి ఆడేచోట, భూసంబంధం సరిగా ఉన్న ప్లగ్గులు నాలుగు వేయించి, ఖర్చు వాడుకొనేవారే పంచుకొంటే సరిపోవును.

ఒక ఇంటి వంటగది మేడకంతటికీ ఎలా వంటగది అగునో చెప్పడానికి లండనులో జరిగిన ఒక కథ ఉన్నది. రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల నివాస భవనం. 1968 మే 16న తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒకావిడ తేనీరు కాచుకొనడానికి అగ్గిపుల్ల గీసినది. పొయ్యి గొట్టాన్ని కలిపే చిన్న ఇత్తడి మర నాసిది. రాత్రంతా గ్యాసు కారి ఉన్నది. పేలుడుకు గోడ పోయినది, గోడమీద నిలిచిన పై అంతస్తుల మూల కూలినది, ఆ బరువుకు క్రింది అంతస్తుల మూల నేలదాకా కూలినది. పుల్ల గీసిన ఆవిడ బతికినది; మరి నలుగురు పోయినారు. తక్కువ ఖరీదు మర ఒకరిది, ప్రాణాలు వేరొకరివి.

మన సిలిండరు గ్యాసు గాలికంటె బరువు. కారితే పైకి పోదు, నేలమీద పరచుకొని గడపదాటి మెట్లమీదికి దిగును. వాసన వచ్చినప్పుడు ముందు రెగ్యులేటరు కట్టివేయవలెను, కిటికీలు తెరవవలెను. దీపం స్విచ్చి వేయరాదు, తీయరాదు. తరువాత 1906కు ఫోను. రబ్బరు గొట్టం అయిదేండ్లకు ఒకసారి మార్చవలెనన్నది మనకు తెలిసిన సంగతే. మార్చిన సంవత్సరమే ఎవరికీ గుర్తుండదు. గొట్టంమీదనే ఒక చీటీ అంటించి తేదీ వ్రాసుకొంటే తీరిపోవును. బాణలిలో నూనె అంటుకొంటే నీళ్లు పోయరాదు, మూతపెట్టి పొయ్యి ఆపవలెను. ఈ మాట మా అక్కచెల్లెండ్రకు చెప్పనక్కరలేదు. పండుగనాడు సాయం చేస్తామని వంటింట్లోకి వచ్చే మగవారికి చెప్పవలసి ఉన్నది.

ఇప్పుడు తాళంచెవి సంగతి. మేడమీది డాబా తలుపుకు తాళం వేయడం మన భవనాలలో రివాజు. దొంగల భయం, పిల్లలు పిట్టగోడ ఎక్కుతారన్న భయం, ఎవరో వడియాలు తొక్కినారన్న తగవు. భయాలన్నీ న్యాయమైనవే. కాని క్రింద మెట్లు పొగతో మూసుకొనిపోయిననాడు మిగిలే దారి ఆ డాబా ఒక్కటే. ఆనాడు తాళంచెవి ఎక్కడ? వాచ్‌మన్ దగ్గర ఉన్నదంటారు. వాచ్‌మన్ ఎక్కడ? క్రింద, నిప్పుకు అవతల. దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. బయటినుంచి రానీయక, లోపలినుంచి చేతితో తెరుచుకొనే గడియ అమర్చవచ్చును. అది కుదరకపోతే పై అంతస్తులో ప్రతి ఇంటికీ ఒక తాళంచెవి ఇవ్వవచ్చును.

కిటికీ కమ్ముల సంగతీ ఇటువంటిదే. బాల్కనీ అంతా ఇనుప గ్రిల్లు బిగించుకొని పంజరంలో చిలుకలవలె కూర్చొన్నాము. దొంగ లోపలికి రాలేడు, నిజమే. మనమూ బయటికి పోలేము. ఒక్క గ్రిల్లులోనైనా లోపలినుంచి తెరుచుకొనే తలుపు పెట్టించి, తాళంచెవి దాని దగ్గరనే, పసిపిల్లలకు అందని ఎత్తులో వేలాడదీయవలెను.

మెట్లు దిగవలెనా, ఇంటిలోనే ఉండవలెనా అని చాలమంది అడుగుతారు. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు కాలినప్పుడు, ఎవరి ఇంటిలో వారే ఉండండి అని మొదట చెప్పినారు. గోడల బయట తొడిగిన పలకలే మండడంవలన ఆ సలహా వికటించినది. 72 మంది మరణించినారు. అందుచేత ఒకే సూత్రం అన్నిచోట్లా చెల్లదు. మెట్లలో పొగ లేకపోతే ఆలస్యం చేయక దిగిపోవలెను; నగలకోసం, పత్రాలకోసం వెనుకకు పోరాదు; లిఫ్టు ఎక్కరాదు. తలుపు తాకితే వేడిగా ఉన్నా, సందులోనుంచి పొగ వస్తున్నా తెరవరాదు. తడిబట్టలు సందులో కుక్కి, వీధివైపు గదిలో చేరి, కిటికీ దగ్గర బట్ట ఊపుతూ కేకవేయవలెను. పొగలో నడవక తప్పకపోతే వంగి, నేలకు దగ్గరగా పోవలెను.

నిప్పు సంగతి ఇంతసేపు చెప్పినాము. కట్టడం బరువు సంగతీ చెప్పక తీరదు. అందులో మనవారి కన్నీరు కలిసి ఉన్నది.

2014 జూన్ 28, శనివారం సాయంకాలం, చెన్నై పొలిమేరలోని మౌలివాక్కంలో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనం వానలో నిలువునా కూలినది. 61 మంది మరణించినారు. వారిలో ఎందరో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి కూలికి వచ్చిన తెలుగువారు, భార్యాభర్తలుగా వచ్చినవారు. పిడుగు పడి ఉండునని మొదట కొందరన్నారు. జస్టిస్ రఘుపతి కమిషన్ విచారించి, తప్పు పిడుగుది కాదు, నిర్మాణానిదని తేల్చినది. పక్కనే ఉన్న జంట భవనాన్ని 2016 నవంబరు 2న మందుపెట్టి క్షణాలలో పడగొట్టినారు. మనము చెన్నై పోయివచ్చేటప్పుడు ఎత్తైన మేడలు చూసి ఆనందిస్తాము. పిల్లలకు అంతస్తులు లెక్కపెట్టి చూపిస్తాము. ఆ అంతస్తులు మోసినవారిలో మన ఊరివారు ఉన్నారన్న సంగతి కూడ పిల్లలకు చెప్పవలెను.

కట్టేటప్పటి తప్పు ఇంజనీరుది, కట్టించినవానిది. కాపురం వచ్చిన తరువాతి తప్పులు మనవి. డాబామీద కొత్తగా పదివేల లీటర్ల తొట్టి పెట్టితే పది టన్నుల బరువు పెట్టినట్లు. వేలూరులో నీటికి కటకట గనుక తొట్లు పెరుగుతూనే ఉన్నవి. ఆ స్తంభాలు అంత మోయగలవా అని ఎవరినైనా అడిగినామా? క్రింద అంగడి పెద్దది చేయడానికి గోడ కొట్టడం, స్తంభం చెక్కడం, డాబామీద రేకుల గది వేసి అద్దెకివ్వడం, ఇవన్నీ చూస్తున్నవే. 2021 నవంబరులో వానలకు కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో నీళ్లు వచ్చినవి. అదే నెల 19న పేర్నాంబట్టులో ఇల్లు కూలి 9 మంది మరణించినారు, వారిలో నలుగురు పసిపిల్లలు. ఆ నవంబరు, డిసెంబరు నెలలలోనే ఆ ప్రాంతంలో భూమి కూడ స్వల్పంగా కంపించినది. మన నేల పూర్తిగా నిశ్చింతగా కూర్చొనే నేల కాదు.

పగులు చూసి ఊరకుండడం వలన ఏమగునో అమెరికాలో సర్ఫ్‌సైడ్ అనే ఊరు చెప్పినది. 12 అంతస్తుల భవనం, సముద్రపుటొడ్డున. 2018లోనే ఇంజనీరు పరీక్షించి కాంక్రీటు దెబ్బతిన్నదని వ్రాసి ఇచ్చినాడు. మరమ్మతుకు ఇంటింటికీ పడే చందా చాల పెద్దది. ఇళ్లవారు వాదించుకొన్నారు, సభలు పెట్టినారు, కమిటీ సభ్యులు రాజీనామాలు ఇచ్చినారు. 2021 జూన్ 24 రాత్రి నిద్రలో భవనం కూలి 98 మంది మరణించినారు. ఇది చదువుతూ ఉంటే అమెరికా కథవలె తోచదు. మన అపార్ట్‌మెంటు నెలసరి సమావేశంవలెనే తోచును.

చట్టంలో మనకు ఆధారం లేకపోలేదు. 2016 స్థిరాస్తి చట్టం ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిననాటినుంచి అయిదేండ్లలోపల నిర్మాణ లోపం బయటపడితే కట్టించినవాడే తన ఖర్చుతో బాగుచేయవలెను. మనము తెలిపిన 30 రోజులలో చేయవలెను. తమిళనాడులో 1994 నాటి అపార్ట్‌మెంటు యాజమాన్య చట్టం స్థానంలో 2022 చట్టం వచ్చినది. ఇవి కొన్నవారికి ఆయుధాలు. కాని అయిదేండ్లూ గడిచిన తరువాత ఆ స్తంభాలూ, తీగలూ మన చేతిలోనివే.

లిఫ్టు గురించి రెండు మాటలు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటులో ఆరేండ్ల బాలుడు లిఫ్టుకూ గోడకూ నడుమ చిక్కి, ఆసుపత్రిలో ప్రాణం విడిచినాడు. పిల్లలను ఒంటరిగా లిఫ్టులో పంపరాదు. మడతల ఇనుప తలుపులున్న పాత లిఫ్టులను మార్చించవలెను. మధ్యలో ఆగినప్పుడు లోపలివారు తలుపు పీకరాదు, బయటివారు సాహసం చేయరాదు. తెలిసినవాడు వచ్చేవరకు మాట్లాడుతూ ధైర్యం చెప్పవలెను.

మరుగుదొడ్డి తొట్టిలోకి మనిషిని దించడం 2013 చట్టంచేత నిషిద్ధం. మేడకు సంఘమున్నచోట దించినవారు మనమే అగుదుము. ఎవరో కూలివాడు తానే దిగినాడని తప్పించుకొనడానికి లేదు.

ఇక అసలు చిక్కు. మనలో సగానికి పైగా అద్దెకున్నవారు. యజమాని చెన్నైలోనో, బెంగుళూరులోనో ఉంటాడు. మనది కాని ఇంటికి మనమెందుకు డబ్బు పెట్టవలెను, రేపో మాపో ఖాళీ చేసేవాళ్లమే గదా అనుకొంటాము. ఇల్లు యజమానిదే, కాదనము. కాని దానిలో నిద్రపోయేది అతని పిల్లలు కారు. మంటలార్పే సిలిండరు ఒకటి మనమే కొని, వెళ్లేటప్పుడు తీసుకొనిపోయినా నష్టం లేదు. దాని ముల్లు పచ్చగీతలో ఉన్నదా అని నెలకొకసారి చూడవలెను. పిన్ను లాగి, మంట పైన కాదు, మొదలున కొట్టవలెను.

భాష సంగతి ఒకటి ఉన్నది. ఇది వలసవచ్చినవారమైన మనకే ప్రత్యేకం. 101కు ఫోను చేస్తే ఎత్తేవారు తమిళం మాట్లాడుదురు. మన పిల్లలు తమిళం దంచివేస్తారు. చిత్తూరునుంచి వైద్యానికి వచ్చి మన ఇంటిలో దిగిన పెద్దమ్మకు ఆ భాష రాదు. ఇంట అందరూ పనులకు పోయినప్పుడు ఉండేది ఆమే. కనుక ఫోను పక్కన గోడమీద ఇంటి నెంబరు, వీధి పేరు, దగ్గరి గుర్తు తమిళపు మాటలను తెలుగు లిపిలో వ్రాసి అంటించండి. నిప్పు అంటుకొన్నదనడానికి నెరుప్పు అన్న ఒక్క మాట చాలును. మేడలో పెట్టే నోటీసు రెండు భాషలలో ఉండవలెను. ఏ అంతస్తులో నడవలేని పెద్దవారున్నారు, ఎవరు మోసుకొని దింపవలెను అన్న చీటీ వాచ్‌మన్ దగ్గర ఒకటి, పైవారి దగ్గర ఒకటి ఉండవలెను. మన ఇంటి పెద్దమ్మను దింపేది బహుశా ఎదుటింటి తమిళ కుర్రవాడే. అతనితో ముందుగా నాలుగు మాటలు మాట్లాడి ఉంటే మంచిది.

ఏప్రిల్ 14 తమిళుల సంవత్సరాది. 1944లో సరిగా ఆ తేదీనే బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి, మంటలార్పడానికి పోయిన సిబ్బంది ఎందరో మరణించినారు. వారి జ్ఞాపకార్థం దేశమంతటా ఆనాటినుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవం జరుపుతారు. మన ఉగాది, వారి సంవత్సరాది దగ్గర దగ్గరగానే వచ్చును గనుక ఆ వారంలో ఒక్కొక్క మేడలో తెలుగువారూ తమిళులూ కలిసి మెట్లు దిగే అభ్యాసం ఒకసారి చేయవచ్చును. అగ్నిమాపక కేంద్రానికి ముందుగా ఉత్తరం వ్రాసి, వచ్చి చూపించండి అని కోరవచ్చును. గంగమ్మ శిరసు ఉత్సవానికి వచ్చే అంతమంది జనాన్ని సర్దుకొనే గుడియాత్తంవారికి ఇరవై కుటుంబాలను మెట్లు దింపడం లెక్కలోనిది కాదు.

భోజనాలకు లేచే ముందు ఒక్క మనవి. పందిరి గుమ్మం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టినాము. అందులో మూడే గడులు: మీ భవనం ఉన్న వీధి, అంతస్తులు ఎన్ని, డాబా తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది. మూడవది తెలియనివారు ఆ గడి ఖాళీగానే వదలండి. ముందుగా ఆ ఇళ్లకే వస్తాము.